తప్పు స్తంభంలో ఉంది స్వామీ!

నంద్యాలలో ఇంటర్నెట్ పోయిందంటే విచారణ అక్కర్లేదు, తీర్పు ముందే రాసి ఉంటుంది. తప్పు మీ ఇంటిది. మీ డబ్బా పాతది, మీ అడాప్టర్ వీకు, మీ గోడలు మందం, మీ పిల్లలు సినిమాలు ఎక్కువ చూస్తారు, మీకు స్విచ్చి ఆఫ్ చేసి ఆన్ చేయడం చేతకాదు. వీధి మొత్తానికి ఒకే నిమిషంలో నెట్టు పోయినా సరే, ఇంటింటి డబ్బాలూ కూడబలుక్కుని ఒకేసారి చచ్చాయని కస్టమర్ కేర్ నమ్ముతుంది. మనచేత నమ్మిస్తుంది కూడా.

ఫోన్ చేస్తే ముందు పాట. పాట అయ్యాక, త్వరగా పని జరగాలంటే మా యాప్ వాడండని సలహా. అంటే నెట్టు లేదని చెప్పుకోవడానికి నెట్టు కావాలి. తర్వాత ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, తొమ్మిది నొక్కండి. అన్నీ నొక్కాక ఏ నగరంలోనో కూర్చున్న ఓ కుర్రవాడు లైన్లోకి వస్తాడు. అతనికి బొమ్మలసత్రం ఎటువైపో తెలియదు, ఆళ్లగడ్డ అన్న పేరు ఒక్కసారికి అర్థం కాదు. తెలిసింది ఒకటే మంత్రం: "సార్, మోడెమ్ ఒకసారి ఆఫ్ చేసి, ముప్పై సెకన్లు ఆగి, ఆన్ చేయండి."

ఈ మంత్రానికి మహిమ లేదని అనను. ఆ డబ్బా కూడా చిన్న కంప్యూటరే. ఆపకుండా నడిచీ నడిచీ దాని మెమరీ నిండిపోతుంది, లోపలి ప్రోగ్రాం ఎక్కడో చిక్కుకుంటుంది, కంపెనీ సర్వర్‌తో లాగిన్ తెగిపోయినా తెగలేదన్న భ్రమలో కూర్చుంటుంది. కరెంటు తీసి మళ్లీ పెడితే ఆ చిక్కులు వీడిపోయి మొదటినుంచి మొదలవుతుంది. ముప్పై సెకన్లు ఆగమనడం లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోవడానికి. అంతవరకూ శాస్త్రమే. కానీ సంజీవనగర్ గేటు దగ్గర తీగ తెగితే పద్మావతినగర్‌లో స్విచ్చి నొక్కినందుకు అతుక్కుంటుందా? అది గాజు తీగ. భక్తికి కరగదు.

అసలు రోగం ఏమిటో డబ్బాయే చెబుతుంది. దాని మొహాన వరసగా దీపాలుంటాయి. పవర్ దీపం వెలగలేదంటే తప్పు అడాప్టర్‌దో ప్లగ్గుదో. 'పాన్' అని రాసి ఉన్న దీపం నిలకడగా పచ్చగా ఉంటే మీ డబ్బాకూ ఆ చివర ఉన్న పెద్ద యంత్రానికీ మాట కలిసినట్టు. 'ఎల్‌ఓఎస్' దీపం ఎర్రగా కొట్టుకుంటోందంటే తీగలో రావలసిన వెలుతురు మీ ఇంటిదాకా రావడం లేదని. అప్పుడు డబ్బా వెనకాల పసుప్పచ్చ తీగ మడత పడిందా, పిన్ను వదులైందా అని ఒక్కసారి చూసుకుంటే మీ బాధ్యత దాదాపు తీరింది. ఎర్రదీపం ఆరలేదంటే ఇక మిగిలిన తప్పు చాలావరకు గడప అవతలిది.

మూడో తరగతి పిల్లకు ఈ దీపాలు చదవడం పది నిమిషాల్లో నేర్పవచ్చు. కంపెనీలకు మాత్రం నేర్పలేం. నేర్పలేకపోవడం వాళ్లకు తెలియక కాదు. కరెంటు పోయి ఆగిపోయే డబ్బా, ఆగే ముందు చివరి ఊపిరితో 'నేను పోతున్నా' అని ఒక సంకేతం పంపేలా ఈ యంత్రాలను తయారు చేశారు. ఆ సంకేతం లేకుండా వీధిలో ఇళ్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయంటే, ఎక్కడో తీగ తెగిందని అవతలి యంత్రం తెర మీద తెలిసిపోతూనే ఉంటుంది. తెలిసీ మనల్ని స్విచ్చి నొక్కమనడం ఎందుకు? తెగిందని ఒప్పుకుంటే మనిషిని పంపాలి. మనిషిని పంపితే పెట్రోలు, కూలి, నిచ్చెన. మీరే స్విచ్చి నొక్కుకుంటూ కూర్చుంటే ఖర్చు సున్నా. ట్రబుల్‌షూటింగ్ పేరుతో జరుగుతున్నది ఇదే: కంపెనీ చేయాల్సిన పని జీతం లేకుండా మీచేత చేయించి, కుదరకపోతే చేతకానివాడివని మిమ్మల్నే అనడం.

ఆళ్లగడ్డ దాటి నల్లమల వైపు పోతే అహోబిలం. ఎగువ అహోబిలం కొండల్లో ఉగ్రస్తంభం ఉంది, నరసింహస్వామి వెలువడిన చోటు అదేనని నమ్మకం. హిరణ్యకశిపుడు దుర్మార్గుడే, కాదనం. కానీ ట్రబుల్‌షూటింగ్‌లో మన కంపెనీలకంటే వెయ్యి రెట్లు నయం. హరి ఎక్కడున్నాడో చెప్పమని కొడుకును నిలదీశాడు, జవాబు వినగానే నేరుగా స్తంభం దగ్గరికి పోయాడు. ఇంట్లోకి పోయి స్విచ్చి ఆఫ్ చేసి రమ్మని పిల్లవాణ్ణి పంపలేదు. ఆయన ఏలిన చోటని చెప్పుకునే సీమలో ఈరోజు ఎవరూ చూడనిది ఆ స్తంభం వైపే.

మన స్తంభం కరెంటుది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ జాతికి అంకితమైంది. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. భూమి తవ్వి తీగ పూడిస్తే వేల కోట్లవుతుందని, ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ లాగారు. మొదటి దశ ఖర్చు 333 కోట్లు. ఆలోచన తెలివైనదే, పల్లె దాకా తీగ చేరిందీ నిజమే. కాకపోతే ఆ తెలివి చూసి ఊళ్లో ఉన్న తీగల వాళ్లందరూ అవే స్తంభాలను పట్టుకున్నారు. ఇప్పుడు నూనెపల్లెలో ఏ స్తంభం చూసినా కరెంటు తీగ, టీవీ తీగ, రకరకాల కంపెనీల ఫైబరు, వాడగా మిగిలి చుట్టలుగా వేలాడేసిన తీగ, ఎప్పుడో తెంచి వదిలేసిన తీగ, వాటన్నిటి మీద నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఫ్లెక్సీ కట్టే కుర్రాడు నిచ్చెన ఎక్కడానికి ఆలస్యం చేయడు. అతనికి నిచ్చెన ఎప్పుడూ దొరుకుతుంది.

ఇంత ఎత్తున వేలాడే తీగ తెగడానికి తుపాను రానక్కర్లేదు. వరిగడ్డి లోడు కాస్త ఎత్తుగా కట్టిన లారీ చాలు. కొమ్మలు కొట్టే లైన్‌మ్యాన్ కొడవలికి కొమ్మా తీగా ఒకటే. రోడ్డు వెడల్పు పనికి స్తంభం జరిపితే తీగ గురించి అడిగే దిక్కుండదు. అహోబిలంలో కోతులకు తీగ ఊయల. అసలు తెగనక్కర్లేదు కూడా. వెలుతురు పోయే దారి మందం 9 మైక్రాన్లు, వెంట్రుక కంటే ఎంతో సన్నం. తీగ గట్టిగా ఒంగితే వెలుతురు పక్కకు కారిపోతుంది. పిన్ను మొన మీద చిటికెడు దుమ్ము ఉన్నా అడ్డమే, అందునా 45 డిగ్రీలు దాటే నంద్యాల వేసవిలో దుమ్ముకు కొదవా? ఈ వెలుతురును కొలిచే లెక్క ఉంది. మైనస్ ఇరవై లోపు ఉంటే నిశ్చింత, ఇరవై ఏడు దాటితే మామూలు డబ్బాలు చూపు కోల్పోతాయి. ఆ లెక్క మూడు పడిపోతే వెలుతురు సగమైనట్టు. అంటే మీ నెట్టు ఇవాళ నత్తనడక నడిచి రేపు పూర్తిగా పోవడం వెనక మీ పిల్లలు చూసిన సినిమాలేమీ ఉండకపోవచ్చు. స్తంభం మీది జాయింటు రోజురోజుకూ వీకవుతుండవచ్చు.

ఆ జాయింటు దాకా ఎక్కవలసిన పిల్లవాణ్ణి మాత్రం తిట్టొద్దు. అతను కంపెనీ మనిషి కాదు, కంపెనీ పని ఒప్పుకున్న కాంట్రాక్టరు దగ్గర ఇంకో కాంట్రాక్టరు పెట్టుకున్న మనిషి. ఫైబరు అతికించే మిషన్ ఒకటి, చూడవలసిన ఊళ్లు లెక్కలేనన్ని. పెట్రోలు తనది, ఎండ తనది, తిట్లూ తనవే. అతనితో జరిగే సంభాషణ జాతీయ రహదారి 40 పొడవునా ఒకేలా ఉంటుంది.

"యాడున్నావప్పా?"

"దారిలోనే ఉండా సార్, వస్తాండా."

"పొద్దున గూడా దారిలోనే ఉంటివి గదా?"

"అది నంద్యాల దారి సార్. ఇప్పుడు ఆళ్లగడ్డ దారిలో ఉండా."

అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇంతకూ అతను వచ్చి, మీటరు పెట్టి, "పవర్ మైనస్ ముప్పై ఉండాది సార్, మీ ఇంట్లో ఏం లేదు, బయట జాయింటే పోయింది" అంటాడు. కస్టమర్ కేర్ అన్ని రోజులుగా ఒప్పుకోని నిజం అది. నిజం చెప్పినందుకు అతనికి బహుమానమేమైనా ఉందా? ఉంది. ఫిర్యాదు ఎందుకు ఆలస్యమైందని కాంట్రాక్టరు కోసే కోత.

న్యాయంగా మాట్లాడాలంటే మన ఇళ్ల తప్పులూ కొన్ని లేకపోలేదు. బేతంచెర్ల రాతి గోడల మధ్య, ఇనుప బీరువా మీద, టీవీ వెనక, పైన అల్లిక గుడ్డ కప్పి వైఫై డబ్బాను పెట్టి, మిద్దె మీద సిగ్నల్ రాలేదని గోల పెడతాం. రాయీ ఇనుమూ రేడియో తరంగాలకు బంధువులు కావు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగం ఎక్కువ, గోడ దాటే ఓపిక తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ వేగం తక్కువ, గోడలు దాటే మొండితనం ఎక్కువ. పక్క గదికి ఏది కావాలో తెలుసుకోకుండా ప్లాన్ పెంచుకుంటే పెరిగేది బిల్లే. సందేహముంటే ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా డబ్బాకు తగిలించి స్పీడు చూడాలి. తీగ మీద బాగుంటే జబ్బు వైఫైది, తీగ మీదా బాగాలేకపోతే జబ్బు లైనుది. ఇంతే వైద్యం.

ఇంకొందరు కంపెనీ డబ్బా చాలదని బజారులో రౌటర్ కొని పక్కన పెడతారు. కంపెనీ డబ్బా తీగను కొత్త రౌటర్‌లో 'వాన్' రంధ్రంలో కాక పక్కన 'ల్యాన్' రంధ్రంలో గుచ్చుతారు. ఇక ఇంట్లో ఫోన్లకు నంబర్లు పంచే అధికారం నాదంటే నాదని రెండు డబ్బాలూ కొట్టుకుంటాయి. కొన్ని ఫోన్లు వీడి వర్గం, కొన్ని వాడి వర్గం. ఒక ఊళ్లో ఇద్దరు పెత్తందార్లుంటే ఏమవుతుందో ఆళ్లగడ్డ వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? ఒక డబ్బాకు పంపకం పని మాన్పిస్తే చాలు, రెంటికీ రాజీ.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వెనకాల ఉన్న సన్న రంధ్రం. ఆఫ్, ఆన్ పని చేయనప్పుడు కస్టమర్ కేర్ తీసే రెండో అస్త్రం అది: "సార్, పిన్నీసుతో రీసెట్ నొక్కండి." కాసేపు నొక్కి పట్టారంటే చాలు, డబ్బా తన గతం మొత్తం మరచిపోతుంది. వైఫై పేరు పోతుంది, పాస్‌వర్డ్ పోతుంది, చాలాచోట్ల లైను కలపడానికి కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి. ఆ వివరాలు మీకెప్పుడూ ఇచ్చి ఉండరు. ఎర్రదీపం వెలుగుతుండగా ఈ పని చేస్తే బయట తెగిన తీగకు తోడు లోపల డబ్బా కూడా పోతుంది. అప్పుడు మాత్రం కంపెనీ మాట నిజమవుతుంది. తప్పు నిజంగానే మీ ఇంట్లోకి వచ్చేసింది!

సరే, నెట్టు లేకపోతే ఏమైంది, మన తాతలు బతకలేదా అనే పెద్దలున్నారు. నంద్యాల బ్యాంకు ఉద్యోగాల కోచింగ్‌కు రెండు రాష్ట్రాల్లో పేరు మోసిన ఊరు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఇరుకు గదుల్లో అద్దెకుండి ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు రాస్తారు. ప్రశ్నకు సెకన్లలో జవాబు గుర్తించాల్సిన పరీక్షకు, తెర మీద సున్నా తిరుగుతుండగా సాధన చేస్తున్నారు. ఆళ్లగడ్డ శిల్పులకు భౌగోళిక గుర్తింపు ఉంది, దూరదేశాల గుళ్లకు విగ్రహాలు పోతాయి. విగ్రహం కళ్లు ఎలా వచ్చాయో వీడియోలో చూపించమంటాడు ఆర్డరిచ్చిన ఆసామి. రాతిని మెత్తగా చెక్కే మనిషి, వీడియో పైకెక్కక ఫోన్ ముందు రాయిలా కూర్చోవాలి. ఇంటి నుంచే కంపెనీ పని చేసుకునే ఆడపిల్లలకు 'ఇక్కడ నెట్టు బాగుండదు' అన్న ఒక్క మాట హైదరాబాదుకో బెంగళూరుకో అద్దె బతుకు రాసిపెడుతుంది.

ఈ నెట్టు కథలో నంద్యాలకు ప్రత్యేకమైన గౌరవం ఒకటుంది. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావును 5.8 లక్షల రికార్డు మెజారిటీతో లోక్‌సభకు పంపింది ఈ నియోజకవర్గమే. ఆళ్లగడ్డ ఓట్లూ అందులోవే. ప్రధానమంత్రే మన ఎంపీ. 1994 మేలో ఆయన ప్రభుత్వం జాతీయ టెలికాం విధానం తెచ్చింది. 1997 కల్లా అడిగిన ప్రతివాడికీ టెలిఫోను అని అందులో రాశారు. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మహానగరాల్లో ప్రజలకు ఇంటర్నెట్ తెరిచినప్పుడు కూడా ఆయనే ప్రధాని, మన ఎంపీ. అంటే ఈ దేశపు ఇంటర్నెట్ బారసాలకు పెద్దగా కూర్చున్నది నంద్యాల ప్రతినిధి. 1996లో ఆయన ఇక్కడా, ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచి, బరంపురం ఉంచుకుని నంద్యాలను వదిలేశారు. ఈ ఊరికి మొదటి డిస్‌కనెక్షన్ అదే.

ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, కాగితాల మీద వేగం మాత్రం తగ్గలేదు. 2004 విధానంలో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2012 విధానంలో 2015 నాటికి కనీసం 2 మెగాబిట్లు అన్నారు. 2018 విధానంలో 2022 నాటికి ప్రతి పౌరుడికీ 50 మెగాబిట్లు అన్నారు. 2022 వెళ్లిపోయింది. 2023 జనవరిలో కొత్త నిర్వచనం వచ్చింది: కనీసం 2 మెగాబిట్లు వస్తే అది బ్రాడ్‌బ్యాండే. యాభై ఇస్తామన్న గడువు దాటిన మర్నెలలో రెండు చాలునని గెజిట్! 2015లో అందాల్సిన రెండు కూడా ఎనిమిదేళ్లు దారిలోనే ఉన్నాయి. మన టెక్నీషియన్ పిల్లవాడు 'దారిలో ఉండా' అనడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఇప్పుడు అర్థమైంది కదా.

నియమాలు లేవా అంటే, పుష్కలంగా ఉన్నాయి. బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదుల్లో నూటికి తొంభై మర్నాటి పనిదినానికే సరిచేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే చెప్పింది. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఇంటి లైను మరమ్మతు మూడు రోజులు దాటితే ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ తేడా లేకుండా కస్టమర్‌కు పరిహారం ఇవ్వాలి. జిల్లా మొత్తానికి సేవ 24 గంటలకు మించి ఆగినా రిబేటు లాంటి పరిహారం ఇవ్వాలి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది కాబట్టి ఆ అర్హత మనకు ఇప్పుడు విడిగా సంక్రమించింది. ఇక నుంచి మన చీకటి కర్నూలు చీకటిలో కలవనక్కర్లేదు!

ఈ రిబేటు గురించి కస్టమర్ కేర్ ఎప్పుడూ తనంతట తాను చెప్పదు. పాట వినిపించే ఆ నిమిషాల్లో చెప్పవచ్చు కదా, చెప్పదు. కొత్త ప్లాను గురించి చెబుతుంది. ట్రాయ్‌కి రాసుకుందామంటే ఒక్కొక్కరి ఫిర్యాదులు ట్రాయ్ విచారించదు. ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రం, అక్కడ తేలకపోతే అదే కంపెనీ పెట్టిన అప్పీలు అధికారి. అంటే తీగ తెంపినవాడి మీద ఫిర్యాదు తీగవాడికే, ఆ తీర్పు మీద అప్పీలు తీగవాడి అన్నకు. టెలికాం గొడవలు వినియోగదారుల కోర్టుకు రావన్న వాదన కూడా కంపెనీలు ఏళ్ల తరబడి చేశాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తలుపు తెరిచే ఉందని తేల్చింది. 5 లక్షల లోపు విలువ ఉన్న కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు.

అందుకని నంద్యాల, ఆళ్లగడ్డ సోదరులకు ఒక మనవి. 'ఎల్‌ఓఎస్' ఎర్రగా ఉంటే తీగా పిన్నూ ఒకసారి చూసుకోండి, డబ్బాను ఒక్కసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి, అక్కడితో ఆపండి. పిన్నీసు ముట్టుకోవద్దు. దీపాన్ని తేదీ, సమయం పడేలా ఫోటో తీయండి. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టవద్దు. పక్కింటివాళ్లకూ పోయిందేమో అడిగి, వాళ్లచేత కూడా విడిగా ఫిర్యాదు పెట్టించండి. పిల్లవాడు వచ్చినప్పుడు మైనస్ ఎంతుందో కాగితం మీద రాయించుకోండి, మజ్జిగ ఇచ్చి పంపండి. మూడు రోజులు దాటిందా, రిబేటు అడగండి. ఇవ్వకపోతే అప్పీలు, అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్.

ఇంతా చేస్తే చేతికొచ్చేది ఏ అరవై రూపాయలో, డెబ్బై రూపాయలో. అంతమాత్రానికి ఇంత పనా అని వదిలేస్తాం చూశారూ, సరిగ్గా ఆ వదిలేయడం మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. నిచ్చెన వేసి మనిషిని స్తంభం ఎక్కించడానికయ్యే ఖర్చు కంటే మీచేత స్విచ్చి నొక్కించడం చవక కాబట్టి నొక్కిస్తున్నారు. ఒక్క ఇంటి డెబ్బై రూపాయలు వాళ్లకు లెక్కలోకి రావు. శ్రీనివాసనగర్ నుంచి ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దాకా వీధి వీధంతా నెల నెలా అదే డెబ్బై అడిగితే, నిచ్చెన కొనడమే లాభమని వాళ్ల లెక్కల పుస్తకమే వాళ్లకు బోధిస్తుంది. వాళ్లకు నీతులు చెప్పి ప్రయోజనం లేదు, ఖర్చు చూపించాలి.